మందు లేని సూది

గుమ్మఘట్ట,
16 జూన్ 2002.

బావా,

పోయిన వారం క్షేమంగా చేరాను. నువ్వు ఇచ్చిన సూదుల డబ్బాను దారంతా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. రాయదుర్గం నుంచి జీపులో నా పక్కన కూర్చున్న ఆమె దాన్ని మిఠాయి డబ్బా అనుకుంది. ఎంతసేపటికీ తెరవకపోయేసరికి మొహం అటు తిప్పుకుంది.

మొదట నా తొడ మీద నేనే పొడుచుకుని చూశాను. నొప్పి పుట్టించే కండ ముడి దొరికింది. ఈగ వాలితే ఎద్దు తోలు అదిరినట్టు కండ అదిరింది. నువ్వు నా వేలు పట్టుకుని చూపించిన చోటే. కాసేపు సూది తీయకుండా కూర్చున్నాను.

మన సెంటరులో సూదికి మొదట వచ్చింది ఓబులేసు తాత. నడుము నొప్పి. పని అయ్యాక ఆయన లేవలేదు. "మందేదమ్మా?" అన్నాడు. మందు ఉండదు తాతా, ఉత్త సూదితోనే కండ వదులవుతుంది అని చెప్పాను. "నీళ్లన్నా పట్టియ్యమ్మా దాంట్లోకి. ఉత్త సూదికా నేను ఇంతదూరం నడిచొచ్చింది" అన్నాడు. మోసపోయినవాడిలా వెళ్ళాడు. మర్నాడు పెండ్లాన్నీ, ఇరుగుపొరుగునూ వెంటబెట్టుకుని వచ్చాడు. రాత్రి పక్కకు పొర్లగలిగాడట. ఆ రోజు వంకాయ తినొచ్చా, తలకు నీళ్ళు పోసుకోవచ్చా అని అందరూ అడిగారు. సూది అంటే వీళ్ళకు పథ్యం ఉండాలి. ఏమీ వద్దంటే నమ్మరని, ఆ పూట బరువు ఎత్తొద్దని చెప్పాను.

ఇన్నేళ్ళుగా పోలియో పిల్లల కాళ్ళకు ఇనప చువ్వల క్యాలిపర్లు బిగించి నడిపిస్తున్నాను. పెద్దవాళ్ళకు కసరత్తులు చెప్తే, ఇంటికి పోయి చేసినవాళ్ళు తక్కువ. నన్ను కసరత్తు అమ్మ అనేవాళ్ళు. ఇప్పుడు సూదమ్మ అంటున్నారు.

అసలు సంగతి ఇది. మన ట్రస్టు మేనేజరు హనుమంతప్ప గారు నిన్న వరండాలో జనాన్ని చూసి, ఇట్లే వస్తే ఇంకో ఫిజియోథెరపిస్టును తీసుకోక తప్పదన్నారు. "బయటి వాళ్ళెందుకమ్మా, మీ ఆయన్నే రమ్మను" అన్నారు. నాకు వినిపించనట్టు నిలబడి, ఇంకోసారి అనిపించుకున్నాను.

పెళ్ళయ్యాక మనం కలిసి ఉన్నవన్నీ సెలవు రోజులే బావా. రాత్రి నువ్వు వస్తావేమోనని, తలుపుకు లోపలి గడియ పెట్టడం నాకు ఇంకా అలవాటు కాలేదు. అత్త లేచి పెడుతుంది.

అంజలి

బెంగుళూరు,
30 జూన్ 2002.

అంజలికి,

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. మధ్యాహ్నం దాకా జేబులోనే ఉంచుకుని, భోజనం మానేసి చదివాను. హనుమంతప్ప గారి మాట రాసిన చోట మళ్ళీ చదివాను.

జనం పెరిగారని తొందరపడకు. ముడి వేలికి దొరకనిదే డబ్బాలోంచి సూది తీయవద్దు. భుజం మీద అయితే కండను వేళ్ళతో పైకి పట్టుకుని పొడవాలి. రెక్క ఎముకకూ వెన్నుకూ మధ్య అయితే, మా గదిలో కిరణ్ వీపు మీద నీకు చూపించాను కదా, ఆ లోతు దాటకు. కిరణ్ నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. గుంతకల్లు వాడు, రైల్వే క్వార్టర్సులో పెరిగినవాడు, ఆ దిట్టమైన వీపు మీద ఇంకో ఇద్దరికి నేర్పొచ్చు. సూదులు అయిపోకముందే రాయి. రాయదుర్గం బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతాను.

ఇక్కడ కూడా మేము సూది పట్టుకుంటే మొహం చిట్లించే డాక్టర్లు ఉన్నారు. మా పెద్ద డాక్టరు మాత్రం ఒప్పుకున్నారు. ఒక మీటింగులో ఆయనే అడిగారు, శవం కోసి ఒక్కో కండా విడదీసి చదివినవాళ్ళకు సూది ఇవ్వకూడదంటే, ఇంకెవరికి ఇవ్వాలని. మన ఊళ్ళో సైకిలుకు సంచి తగిలించుకుని తిరిగే ఆయన మోకాళ్ళలో ఏ మందు ఎక్కిస్తున్నాడో అడిగే దిక్కు లేదు. మనం మందే లేని సూది వేస్తామంటే అందరికీ చదువు గుర్తొస్తుంది.

నిన్నే ఇక్కడికి రమ్మందామని అనుకోని రోజు లేదు. కానీ ఆ పిల్లలకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అమ్మ ఈ ఊరికి రాదు. నలుగురం పడుకునే గదిలో నిన్ను ఎక్కడ ఉంచను? అందుకే ఈ సూదుల మీద ఆశ పెట్టుకున్నాను.

ఇక్కడ రోజూ సాయంత్రం వాన పడుతోంది. అందరూ విసుక్కుంటారు. నేను కిటికీ దగ్గర నిలబడతాను. అక్కడ పడిందా?

ఇమ్మానుయేల్

గుమ్మఘట్ట,
18 ఆగస్టు 2002.

బావా,

ఇక్కడ పడలేదు. విత్తనం వేసినవాళ్ళు వేసినందుకూ, వేయనివాళ్ళు వేయనందుకూ బాధపడుతున్నారు. మనలాంటి వాళ్ళందరూ పనికి ఆహారం కింద చెరువులో పూడిక తీసే పనికి పోతున్నారు. అత్త కూడా పోతోంది. వద్దంటే వినలేదు. "నువ్వు సెంటరుకు పోతే ఇంట్లో గోడలతో మాట్లాడల్నా" అంది. మట్టి తట్టలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. నేనే దువ్వి కొప్పు వేస్తున్నాను. సూది వేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నా కొడుకు రానీ, వాని చేత్తోనే ఏపించుకుంటా" అంది. నన్ను రెచ్చగొట్టడానికే అంటుందని తెలుసు. అయినా కొంచెం కోపం వచ్చింది.

రాయదుర్గం డాక్టర్లలో ఇద్దరు మన ట్రస్టు మీద ఫిర్యాదు రాశారు. చేతులు కాళ్ళు ఆడించే వాళ్ళతో సూదులు వేయిస్తున్నారు, ప్రాణం పోతే ఎవరిది పూచీ అని. హనుమంతప్ప గారు భయపడ్డారు. అక్టోబరులో వాళ్ళనూ మనల్నీ కూర్చోబెట్టి తేలుస్తారట. అక్కడ సరే అంటేనే రెండో పోస్టు.

మన సెంటరుకు గురువారం గురువారం వచ్చే రాఘవేంద్ర డాక్టరు గారు ఫిర్యాదులో లేరు. ఆయన అభిప్రాయం ఏమిటని నేనే అడిగాను. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పారు.

"నీ చేతి మీద నాకు అనుమానం లేదమ్మా. కండరాల సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కానీ సూది దారి తప్పిందనుకో. అది తప్పిందని నీకు ఎట్లా తెలుస్తాది? తెలిసినాక ఏం చేస్తావు? నేనొచ్చేది గురువారం గదా."

నువ్వు అయితే ఏం చెప్తావో రాయి. ఆఫీసు ఫోను హనుమంతప్ప గారి బల్ల మీద ఉంటుంది. అందులో బాగున్నావా, బాగున్నాను తప్ప ఏం మాట్లాడుకుంటాం.

పోయినేడు వచ్చినప్పుడు నీ నీలం చొక్కా ఇక్కడే మర్చిపోయావు. మడిచి పెట్టాను. రెండుసార్లు విప్పి మళ్ళీ మడిచాను.

అంజలి

బెంగుళూరు,
10 సెప్టెంబరు 2002.

అంజలికి,

రాఘవేంద్ర గారు అడిగినది అందరూ అడిగేదే. సూది దారి తప్పడం డాక్టరు చేతిలో జరగదా? జరుగుతుంది. వేలమందికి వేస్తే ఎక్కడో ఒకరికి జరిగేదాన్ని చూపించి, మిగిలిన వేలమందికి వద్దంటే ఏం న్యాయం? తట్టలు ఎత్తే వాళ్ళకు నొప్పి మాత్రలు రోజూ మింగించి కడుపులో పుండ్లు చేస్తే అది ప్రమాదం కాదా? మీటింగులో ఇవే చెప్పు. గొంతు పెంచకు. నువ్వు గొంతు పెంచితే ఏడుస్తావు.

ఇన్నాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదని గట్టిగా చెప్పు. అంతకంటే వేరే మాట అవసరం లేదు. ఓబులేసు తాతను పిలిపించు. ఆయన అందరి ముందూ వంగి చూపిస్తాడు.

నేను మా ఇన్‌ఛార్జితో నవంబరు ఆఖరుకు మానేస్తానని చెప్పేశాను. ఇంకా మీటింగు కాలేదు కదా అంటావు. తెలుసు. కానీ చెప్పేస్తే జరిగిపోతుందేమో అనిపించింది. నా మంచం తనకు కావాలని కిరణ్ ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాడు.

అమ్మ భుజం సంగతి చదివి నవ్వుకున్నాను. ఆమెను అంత పట్టు పట్టొద్దని చెప్పు. నువ్వు వేసినా నేను వేసినట్టే.

పొద్దున్నే లేచి, గుమ్మఘట్టలో ఇప్పుడు నువ్వు నీళ్ళ దగ్గర నిలబడి ఉంటావని అనుకుంటాను. బిందెల వరుసలో నీకు ముందు ఎవరు, వెనక ఎవరు అని కూడా అనుకుంటాను. ఇంకొన్ని నెలలే.

ఇమ్మానుయేల్

గుమ్మఘట్ట,
27 సెప్టెంబరు 2002.

బావా,

ఒక ఆమెకు సూది దారి తప్పింది.

యాభై దాటిన మనిషి. సోమవారం వేశాను. రెక్క ఎముకకూ వెన్నుకూ మధ్య. నువ్వు చూపించిన లోతే. ఆ సాయంత్రం నుంచే ఆమెకు ఛాతీలో పోటు, ఆయాసం. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు కూర్చునే నిద్రపోతున్నావని ఇంట్లో వాళ్ళు అడిగితే, "సూది పనిచేస్తాండాదిలే" అందట. ఇక్కడి వాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. సూది వేసినచోట వాచినా, జ్వరం వచ్చినా మందు గట్టిది అని సంతోషిస్తారు. మందు లేని సూదికి కూడా అదే లెక్క అనుకున్నారు. ఆమె మరుసటి రోజు చెరువు పనికి కూడా పోయింది.

గురువారం రాఘవేంద్ర గారు ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి, చాలాసేపు ఒక పక్కే విన్నారు. నావైపు చూడలేదు. తన జీపులోనే రాయదుర్గం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. అక్కడి నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. ప్రాణానికి భయం లేదంటున్నారు.

నిన్నటి నుంచి సూదులు ఆపేశాను. వరండాలో జనం కూర్చునే ఉన్నారు.

అత్త రాప్తాడులో చిన్నత్త ఇంటికి పోయింది. కొన్నాళ్ళు ఉండి వస్తుంది. నువ్వు ఫోను చేస్తే ఆమె దొరకదు.

అంజలి

బెంగుళూరు,
4 అక్టోబరు 2002.

అంజలికి,

ముందు భయపడకు. ఇలా జరుగుతుంది. నీ తప్పు కాదు. నేను చదివిన వాటిలో కూడా ఉంది, సన్నటి వాళ్ళకు అరుదుగా జరుగుతుందని. గొట్టం వేశాక నయమైపోతుంది. నయమై ఇంటికి పోయాక, ఆమె మామూలుగానే పని చేసుకుంటుంది.

ఇప్పుడు నేను రాసేది నెమ్మదిగా చదువు. ఇది మీటింగు ముందు బయటికి రానివ్వొద్దు. రాఘవేంద్ర గారు మంచివారు. తనంత తాను చెప్పరు. ఆ ఇంటివాళ్ళు మనలాంటి వాళ్ళే అయి ఉంటారు. వాళ్ళకు ఫిర్యాదు చేయాలన్న ఆలోచన కూడా రాదు. నువ్వు వెళ్ళి పలకరించి, కావలసినవి చూసుకో. అబద్ధం చెప్పమనడం లేదు. అడిగితేనే చెప్పు. ఎవరో ఒక ఆమెకు ఒకసారి జరిగిన దానికి, ఓబులేసు తాత లాంటి వాళ్ళందరి నడుములూ బలి ఇవ్వాలా? మనం బలి కావాలా?

ఇది రాసేటప్పుడు నాకేమీ బాగాలేదు. కానీ నవంబరు అని నేను నాకు చెప్పుకున్నాను అంజలీ. ఈ గదిలో ఇంకో ఏడు ఉండమంటే ఉండలేను. నువ్వు కూడా ఉండలేవు. నాకు తెలుసు.

ఏమి మాట్లాడావో వెంటనే రాయి.

ఇమ్మానుయేల్

రాప్తాడు,
14 అక్టోబరు 2002.

బావా,

చిన్నత్త ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. అత్త పక్కనే పడుకుంది. కుట్లు విప్పారు. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఇప్పుడే గంజి తాగి, ఉప్పు తక్కువైందని చిన్నత్తతో గొడవపడింది.

ఆ ఎవరో ఒక ఆమె, అత్తే.

ఎందుకు కూర్చుని నిద్రపోతున్నావని అడిగిన ఇంట్లో వాళ్ళు నేనే. పనిచేస్తాండాదిలే అంటే నమ్మి పడుకున్నదీ నేనే. మీటింగుకు ముందు తన చెయ్యి లేవాలని తనే వచ్చి కూర్చుంది. "సభలో నేనే లేచి చెప్తా. ఈ చెయ్యెత్తి చూపిస్తా. ఓబులేసు వంగి చూపిచ్చేదేముండాది" అంది. రవిక వదులు చేసుకుంటూ నన్ను తొందర పెట్టింది.

నువ్వు చూపించిన లోతు దాటలేదు. అది కిరణ్ వీపు మీది లోతు. తిండి ఉన్న ఒంటిది. అత్త వీపు మీద చర్మం కిందే ఎముక తగులుతుంది. రోజూ తల దువ్వేదాన్ని, నాకు తెలియకూడదా? నువ్వు ఈ ఏడు ఆమెను చూడలేదు. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి నాకూ కనబడలేదు.

అనంతపురం పోయే దారిలో నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "వానికి చెప్పొద్దు. ఎవురికీ చెప్పొద్దు. తెలిస్తే సూదులు ఆపిస్తారు. వాడు రాడు." ఆయాసంలో ముక్కలు ముక్కలుగా అంది. ఆమె దాచింది మందు గట్టిదని నమ్మి కాదు బావా. సూది పనిచేస్తోందన్నది నాకు చెప్పిన మాట. అసలు సంగతి ఆమెకు మొదటి రాత్రే తెలుసు. నీ కోసం ఊపిరి బిగబట్టుకుని చెరువులో మట్టి మోసింది.

నేనూ ఆమె మాట వినే నీకు అలా రాశాను. నీ జవాబు వచ్చాక దాచలేకపోయాను.

ఇక మీటింగు. పన్నెండో తేదీన జరిగింది. ఫిర్యాదు చేసిన ఇద్దరు డాక్టర్లూ, రాఘవేంద్ర గారూ, హనుమంతప్ప గారూ. నువ్వు రాసినవన్నీ చెప్పాను. మా చదువు సంగతీ, సైకిలు సంచి ఆయన సంగతీ, నొప్పి మాత్రల సంగతీ. గొంతు పెంచలేదు. బాగానే విన్నారు. ఒక డాక్టరు తల కూడా ఊపారు. హనుమంతప్ప గారు వాళ్ళ మొహాల్లో వెలుగు చూసి, ఇంక అడిగేదేముంది అని లేవబోయారు. అప్పుడు ఉండండి అన్నాను.

అత్త సంగతి చెప్పాను. ఎవరో ఆమె అనలేదు. మా అత్త అన్నాను. రాఘవేంద్ర గారు కిందికి చూస్తూ ఉన్నారు.

రెండో డాక్టరు అడిగారు. "అయితే ఏమంటావమ్మా, ఫిజియోథెరపీ వాళ్ళు సూది వేయొచ్చా, వేయకూడదా?"

"వేయొచ్చు సార్" అన్నాను. "నేర్చుకున్న వాళ్ళు వేయొచ్చు. బెంగుళూరులో మా ఆయన వేయొచ్చు. పక్క గదిలో డాక్టరుంటాడు, కింద ఎక్స్‌రే ఉంటాది. ఈడ నేనొక్కదాన్నే వేయకూడదు. నాకు చేయి రాక కాదు. చేయి తప్పినాక పట్టుకునేవాళ్ళు లేరు."

తర్వాత, మరి సైకిలు సంచి ఆయన కోసం మీటింగు ఎప్పుడు పెడతారని అడిగాను. టీ వచ్చింది. అందరూ గ్లాసులు అందుకున్నారు.

చివరికి ఇలా తేల్చారు. రాఘవేంద్ర గారు ఉండే గురువారం మాత్రం సూదులు వేయొచ్చు. వీపు పై భాగం ముట్టుకోకూడదు. వారానికి ఒక్క రోజు పనికి రెండో పోస్టు అక్కర్లేదు.

నువ్వు రాకుండా నేనే చేశాను. ఇంకోలా చేసి నిన్ను రప్పించుకుంటే, నువ్వు ఆ వరండాలో సూది తీసినప్పుడల్లా నేను పక్క గదిలో ఊపిరి బిగబట్టి ఉండాలి. అలా నీతో ఉండలేను. నువ్వు లేకుండా మాత్రం ఎలా ఉన్నానో రాయడం నాకు చేతకాదు.

అత్త లేచింది. ఏం రాస్తున్నావని అడుగుతోంది. ఉప్పు సంగతి రాస్తున్నానని చెప్పాను.

అంజలి

బెంగుళూరు,
24 అక్టోబరు 2002.

అంజలికి,

ఆదివారం ఆఫీసుకు ఫోను చేశాను. అమ్మను పిలిపించారు. హనుమంతప్ప గారు పక్కనే ఉన్నట్టున్నారు. "బాగుండానప్పా" అంది. గొంతు గట్టిగానే ఉంది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగిందేమో అని విన్నాను. ఆగలేదు. ఎలా జరిగిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "తిన్న్యావా?" అంది. అంతే.

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. ఎవరి మీద అని వెతికితే, చివరికి నేను రాసిన కాగితమే ఎదురొచ్చింది. దాన్ని చింపెయ్యి.

రెండు మూడు రోజులు పని సరిగా చేయలేకపోయాను. నిన్న ఒక సన్నటి ముసలాయన వస్తే, వీపు తడిమి, సూది పక్కన పెట్టి, పెద్ద డాక్టరును పిలిచాను. ఆయన ఎందుకని అడిగారు. చెప్పాను. విని, కండ పలచగా ఉన్నచోట ఇక మీదట తనను పిలవమని అందరికీ చెప్పారు. నువ్వు గుమ్మఘట్టలో అన్న మాట ఇక్కడ అమలవుతోంది. ఇది చెప్తే నీకు సంతోషం అవుతుందో కాదో తెలియదు.

మానేస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఇన్‌ఛార్జి నవ్వాడు. కిరణ్ మంచం సంగతి ఎత్తలేదు.

ఇంకోటి అడిగాను. నా వారపు సెలవు ఆదివారం కాకుండా గురువారం ఇమ్మన్నాను. ఇక్కడ ఆదివారం కోసం అందరూ కొట్టుకుంటారు. ఇన్‌ఛార్జి నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, తలకాయ సరిగుండాదా?" అని మన భాషలోనే అడిగాడు. ఆయనది మడకశిర వైపు. చూస్తానన్నాడు. ఇస్తే బుధవారం రాత్రి బస్సు ఎక్కుతాను. పొద్దున రాయదుర్గం. అక్కడి నుంచి మొదటి జీపు. సాయంత్రం దాకా రాఘవేంద్ర గారి ఎదురుగా నువ్వూ నేనూ పని చేయొచ్చు. రాత్రికి మళ్ళీ బస్సు. జీతం అక్కర్లేదని హనుమంతప్ప గారితో చెప్పు. ఆదివారం పనేందిరా అని అమ్మ తిడుతుంది, గుడి మానేస్తావా అంటుంది. ఆ తిట్లు నేనే పడతాను.

ఏ గురువారం నుంచి అనేది తెలియదు. తెలిసిన రోజునే బయలుదేరాల్సి రావచ్చు. ఉత్తరం రాసే సమయం ఉండదు.

ఇమ్మానుయేల్

గుమ్మఘట్ట,
7 నవంబరు 2002. గురువారం.

బావా,

రాఘవేంద్ర గారి జీపు వచ్చింది. ఆయన పోలియో పిల్లలను చూస్తున్నారు. వరండాలో సూదుల కోసం వచ్చిన వాళ్ళు కూర్చున్నారు. ఆపేశాక ఎవరూ రారనుకున్నాను. అత్త సంగతి ఊరంతా తెలుసు. అయినా వచ్చారు. ఓబులేసు తాత, "డాక్టరుండాడు గదా, ఇప్పుడన్నా మందు పోయిస్తావా?" అని అడిగాడు. లేదంటే, ఈయన కూడా ఉత్త చేతులతోనే వచ్చినాడా అని గొణుక్కున్నాడు.

అత్త అందరికంటే ముందు బెంచీ మీద కూర్చుంది. నీకు వేయను, నీ వీపు ముట్టుకోవద్దన్నారు అని చెప్పాను. "వీపెవురడిగినారు, చెయ్యి ముట్టుకో" అంది. డాక్టరు గారిని అడిగితే, మోచేతి పైన వేయొచ్చన్నారు, నేను ఇక్కడే ఉంటా కదా అన్నారు. సూదులు సిద్ధం చేసి పెట్టాను. కానీ అత్త ఆ కుడి చెయ్యి ఇవ్వలేదు. మొదటి జీపు రానీ అంది.

పోయిన గురువారం కూడా ఇలాగే కూర్చుంది. మొదటి జీపు వచ్చాక, రెండోది రానీ అంది. సాయంత్రం డాక్టరు గారు వెళ్ళేదాకా అలాగే ఉండి, చివరికి చెయ్యి ముడుచుకుని ఇంటికి వచ్చింది. ఆ రాత్రి ఇద్దరం నీ పేరు ఎత్తలేదు. గడియ నేను పెట్టాను.

నీకు సెలవు ఇచ్చారో లేదో తెలియదు. నువ్వు బస్సు ఎక్కావని కిరణ్ ఆఫీసుకు ఫోను చేస్తాడేమో అని హనుమంతప్ప గారి గది ముందు నుంచి అవసరం లేకపోయినా నడుస్తున్నాను. ఆయన తల ఎత్తి, లేదన్నట్టు చెయ్యి తిప్పారు. పాపం, ఆయన కూడా వింటున్నారు.

రాత్రి నీకు కూడా కలిపి జొన్నపిండి తడిపాను. పొద్దున రొట్టెలు కాల్చాను. నువ్వు రాకపోతే ఓబులేసు తాత తింటాడు. ఈ కరువులో ఆయన ఇంట్లో కూడా పొయ్యి వెలగడం తక్కువే.

నీతో చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. వస్తే చెప్పనేమో. పని ఉంటుంది, జనం ఉంటారు, సాయంత్రానికి బస్సు ఉంటుంది. అందుకే రాద్దామని కూర్చున్నాను. రాయడానికి కూర్చుంటే, జీపు చప్పుడు వినబడుతుందేమో అని కలం ఆగిపోతోంది. ఇప్పుడు ఒకటి వినబడింది. గుట్ట మలుపు దగ్గర మోటారు గొంతు మారింది. అది రాయదుర్గం జీపో, కర్ణాటక వైపు పోయే లారీయో ఇంకా తెలియడం లేదు. అత్త బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఎడమ చెయ్యి.

ఈ ఉత్తరం నీకు పోస్టులో అందితే నువ్వు రాలేదని. కవరు మీద అడ్రసు ఇంకా రాయలేదు.

అంజలి